ఎవర్‌నోట్ నుంచి ఎక్కడికి: పాత నోట్స్ తరలించే ముందు ఒక పోలిక

ఎవర్‌నోట్ అనే నోట్స్ యాప్‌లో ఏళ్ల తరబడి రాతలు దాచుకున్నవారిలో చాలామందికి 2023 డిసెంబరులో ఏదో ఒక నిర్ణయం తీసుకోక తప్పలేదు. ఆ సంస్థను ఇటలీకి చెందిన బెండింగ్ స్పూన్స్ కొంటున్నట్టు 2022 నవంబరులో వెల్లడైంది. ఏడాది తిరిగేసరికి ఉచిత ఖాతాను 50 నోట్స్‌కూ ఒకే ఒక నోట్‌బుక్‌కూ పరిమితం చేశారు. అప్పటికే అంతకు మించి ఉన్నవారి నోట్స్‌ను తొలగించలేదు. వాటిని చదువుకోవచ్చు, దిద్దుకోవచ్చు, ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు, అంటే ఫైళ్లుగా బయటికి దింపుకోవచ్చు. కొత్త నోట్ రాయాలంటే మాత్రం చందా కట్టాలి, లేదా మరో యాప్ చూసుకోవాలి. ఆ రెండో దారి ఎంచుకున్నవారికీ, ఇప్పటికీ అటా ఇటా అని ఆలోచిస్తున్నవారికీ ఉపయోగపడాలని ఈ పోలిక రాస్తున్నాను. తెలుగులో నోట్స్ రాసుకునేవారికి ఎదురయ్యే ఇబ్బందులు ఇంగ్లిష్ పోలికల్లో దాదాపుగా కనబడవు కాబట్టి వాటికి ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. కొత్త యాప్‌ను ఎంచుకునేటప్పుడు అందులో ఏయే సౌకర్యాలున్నాయన్నది రెండో ప్రశ్న. రేపు ఆ యాప్‌ను కూడా వదిలి వెళ్లాల్సి వస్తే మన రాతలు ఏ రూపంలో బయటికి వస్తాయన్నది మొదటి ప్రశ్న. గూగుల్ నోట్‌బుక్ 2012లో మూతపడింది. ఎందరో ఇష్టపడి వాడిన స్ప్రింగ్‌ప్యాడ్ 2014 జూన్‌లో ఆగిపోయింది. యాప్ వయసు కన్నా మన నోట్స్ వయసే ఎక్కువగా ఉండబోతుందని ఒప్పుకుని మొదలుపెడితే సగం తికమక అక్కడే తీరిపోతుంది.

బయటికి వచ్చే ఫైలులో ఏముంటుంది

ఎవర్‌నోట్ తన నోట్స్‌ను ఈనెక్స్ అనే రూపంలో ఇస్తుంది. ఈ సౌకర్యం కంప్యూటర్‌లోని యాప్‌లోనే ఉంది కాబట్టి, ఫోన్‌లో మాత్రమే వాడుతూ వచ్చినవారు ఈ ఒక్క పనికోసం విండోస్ గానీ మ్యాక్ గానీ ఎవరిదగ్గరైనా అడిగి తీసుకోవాల్సి వస్తుంది. ఈనెక్స్ ఫైలులో నోట్ శీర్షిక, లోపలి రాత, ఫొటోలు, జతచేసిన పీడీఎఫ్‌లు, ట్యాగులు, రాసిన తేదీ, చివరగా మార్చిన తేదీ ఉంటాయి. అందులో లేనివేమిటో కూడా తెలిసి ఉండాలి. నోట్‌బుక్ పేరు ఫైలు లోపల ఉండదు. ఫైలుకు మనం పెట్టిన పేరే కొత్త యాప్‌లో నోట్‌బుక్ పేరు అవుతుంది కాబట్టి, అన్నిటినీ ఒకే ఫైలుగా దింపకుండా ఒక్కో నోట్‌బుక్‌ను విడివిడిగా దింపుకోవాలి. నోట్‌బుక్‌లను గుంపులుగా పేర్చుకున్న అమరిక గానీ, ఒక ట్యాగు కింద మరో ట్యాగు పెట్టుకున్న వరుస గానీ రావు. ఒక నోట్ నుంచి మరో నోట్‌కు ఇచ్చిన లింకులు సాధారణంగా తెగిపోతాయి. పాస్‌వర్డ్‌తో దాచిన వాక్యాలు తాళం పడినట్టుగానే వస్తాయి, వాటిని సాధారణంగా మరో యాప్ విప్పలేదు. అందువల్ల బ్యాంకు వివరాలో మరొకటో అలా దాచుకున్నవారు ఎక్స్‌పోర్ట్‌కు ముందే వాటిని విప్పి, వేరే భద్రమైన చోటికి మార్చుకోవాలి. ఫొటోల్లోని అక్షరాలను గుర్తుపట్టి వెతికిపెట్టే సౌకర్యం ఆ యాప్ సొంతం. ఫొటో మన వెంట వస్తుంది గానీ ఆ వెతుకులాట రాదు.

తేదీల గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే దాని విలువ నాకు నష్టపోయాకే తెలిసింది. మా నాన్నగారి షుగర్ రీడింగులను దాదాపు నాలుగేళ్లు ఒక యాప్‌లో రాస్తూ వచ్చాను. ఒక్కో నోట్‌లో “పరగడుపున 142, రాత్రి మాత్ర సగం చేశారు” అన్నంత మాత్రమే ఉండేది. తేదీ రాసేవాణ్ని కాదు, యాప్ పైన ఎలాగూ చూపిస్తోంది కదా అని. ఆ నోట్స్‌ను మరో యాప్‌లోకి మార్చిన రోజున మూడు వందలకు పైగా రీడింగులన్నీ ఆ రోజు తేదీనే వేసుకున్నాయి. ఆసుపత్రిలో డాక్టరు గారు “మాత్ర సగం చేసినప్పటి నుంచీ ఎలా ఉంది?” అని అడిగినప్పుడు నా దగ్గర అంకెలున్నాయి, వాటి వరుస లేదు. అదృష్టవశాత్తు పాత ఎక్స్‌పోర్ట్ ఫైలును పారేయలేదు. రెండు ఆదివారాలు కూర్చుని, దాన్ని మామూలు టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి, తేదీలు చూసి ఒక్కొక్కటిగా రాసుకున్నాను. ఈనెక్స్ వంటి ఫైళ్లలో సమయం మన గడియారం ప్రకారం ఉండదు, దానికి ఐదున్నర గంటలు కలిపితేనే భారత కాలమానం వస్తుంది. తెల్లవారుజామున ఐదింటికి తీసిన రీడింగు అక్కడ ముందురోజు తేదీతో కనిపిస్తుందన్నమాట. ఇంపోర్ట్ చేసే, అంటే నోట్స్‌ను కొత్త యాప్‌లోకి తెచ్చిపెట్టే పనిముట్టు తేదీలను నిలుపుతుందా లేదా అన్నది ముందే పరీక్షించి చూసుకోమని అందుకే ఇంతగా చెబుతున్నాను.

జాప్లిన్, అబ్సిడియన్: మన ఫైళ్లు మన దగ్గర

ఎవర్‌నోట్‌కు అలవాటుపడినవారికి అతి తక్కువ మార్పుతో సరిపోయేది జాప్లిన్ అని నా నమ్మకం. అది ఓపెన్ సోర్స్, ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్, ఆండ్రాయిడ్, ఐఫోన్ అన్నిటిలోనూ ఉంది. నోట్‌బుక్‌లు, ట్యాగులు, జతచేసిన ఫైళ్లు అన్నీ పాత అలవాటుకు దగ్గరగానే ఉంటాయి. ఈనెక్స్‌ను నేరుగా తీసుకుంటుంది, ట్యాగులనూ తేదీలనూ నిలుపుతుంది. తెగిన లింకులను నోట్ శీర్షికల ఆధారంగా తిరిగి కలపడానికి ప్రయత్నిస్తుంది. అయితే రెండు నోట్స్‌కు ఒకే శీర్షిక ఉంటే ఏది ఏదో దానికి తెలియదు. “ఖర్చులు” అన్న పేరుతో పన్నెండు నోట్స్ ఉన్నవారు ఎక్స్‌పోర్ట్‌కు ముందే వాటికి నెల పేరో సంవత్సరమో చేర్చుకుంటే మంచిది. ఇంపోర్ట్ చేసేటప్పుడు మార్క్‌డౌన్‌గానా (సాదా టెక్స్ట్ రూపం), హెచ్‌టీఎంఎల్‌గానా (వెబ్ పేజీ రూపం) అని రెండు దారులు చూపిస్తుంది. పట్టికలూ రంగులూ ఉన్న వెబ్ పేజీల కోతలు ఎక్కువగా ఉన్న నోట్‌బుక్‌ను హెచ్‌టీఎంఎల్‌గా, మన సొంత రాతలున్న నోట్‌బుక్‌ను మార్క్‌డౌన్‌గా తీసుకోవడం మేలు. డ్రాప్‌బాక్స్, వన్‌డ్రైవ్, నెక్స్ట్‌క్లౌడ్ వంటి క్లౌడ్ నిల్వల్లో దేన్నైనా సింక్ కోసం, అంటే ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ నోట్స్ ఒకేలా ఉంచుకోవడానికి, వాడుకోవచ్చు. కోరుకుంటే ఆ సింక్ మొత్తాన్నీ ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే పాస్‌వర్డ్ లేనివారు చదవలేని రూపంలోకి మారుస్తుంది, కానీ ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే ఎవరూ తెరిచి ఇవ్వలేరు. లోటు ఏమిటంటే, రూపం సాదాగా ఉంటుంది, సింక్‌ను మొదటిసారి అమర్చుకోవడానికి కొంచెం ఓపిక కావాలి.

అబ్సిడియన్ 2020లో వచ్చింది. జాప్లిన్ తన నోట్స్‌ను లోపల ఒక డేటాబేస్‌లో ఉంచుకుంటే, అబ్సిడియన్‌లో ఒక్కో నోట్ మన కంప్యూటర్‌లోని ఒక ఫోల్డర్‌లో ఒక్కో మార్క్‌డౌన్ ఫైలుగా ఉంటుంది. మార్క్‌డౌన్ అంటే ఏ ఎడిటర్‌లోనైనా తెరుచుకునే సాదా టెక్స్ట్, 2004 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి. రేపు అబ్సిడియన్ లేకపోయినా ఆ ఫోల్డర్ అలాగే ఉంటుంది. ఎక్స్‌పోర్ట్ అన్న మాటే అక్కర్లేదు. నేను చెప్పిన మొదటి ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు మరొకటి లేదు. వాళ్లే తయారుచేసిన ఇంపోర్టర్ అనే ప్లగిన్ (యాప్‌కు తగిలించుకునే అదనపు పనిముట్టు) ఎవర్‌నోట్, నోషన్, వన్‌నోట్, ఆపిల్ నోట్స్, గూగుల్ కీప్ ఫైళ్లను తీసుకుంటుంది. యాప్ ఉచితమే. ఫోన్‌కూ కంప్యూటర్‌కూ మధ్య వారి సింక్ సేవ కావాలంటే చందా కట్టాలి, వద్దనుకుంటే మరో దారిలో ఫోల్డర్‌ను సింక్ చేసుకోవచ్చు. ట్యాగులో ఖాళీ ఉండకూడదన్నది ఇక్కడి నియమం కాబట్టి “ఇంటి పన్ను” లాంటి ట్యాగుల రూపం మారుతుంది.

అబ్సిడియన్‌ను అందరికీ సిఫారసు చేయను. వందల ప్లగిన్లు, రంగుల అమరికలు చూసి, నోట్ రాయడం మాని యాప్‌ను అలంకరించడంలోనే వారాలు గడిపినవారు నాకు తెలుసు. ఫోల్డర్, ఫైలు అంటే ఏమిటో తెలిసి, ఏటా ఒకసారైనా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసుకునే అలవాటున్నవారికి ఇది సరైనది. ఆ అలవాటు లేనివారికి జాప్లినే తక్కువ శ్రమ.

తెలుగు శీర్షికలు ఫైలు పేర్లుగా మారినప్పుడు

నోట్ శీర్షికే ఫైలు పేరు అయ్యే యాప్‌లలో తెలుగువారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. లినక్స్‌లోనూ ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఒక ఫైలు పేరు 255 బైట్లకు మించకూడదు (బైటు అంటే కంప్యూటర్ నిల్వను కొలిచే చిన్న ప్రమాణం). ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు సరిపోతుంది. తెలుగులో అచ్చు, హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు, ఒక్కోదానికీ మూడేసి బైట్లు. “స్త్రీ” కంటికి ఒక్క అక్షరమే, కానీ యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లు వాడే ఉమ్మడి పద్ధతిలో, అది స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం అని ఆరు ముక్కలు, అంటే 18 బైట్లు. ఈ లెక్కన ఒక తెలుగు శీర్షికలో అలాంటి ముక్కలు 85కు మించితే ఆ పేరుతో ఫైలు తయారు కాదు. వార్తా వ్యాసాలను వాటి పూర్తి శీర్షికలతో దాచుకునేవారు ఈ హద్దును సులువుగా దాటేస్తారు. కొన్ని పనిముట్లు పేరును కత్తిరించి సర్దుకుంటాయి, కొన్ని ఆ నోట్‌ను ఏమీ చెప్పకుండా వదిలేసి ముందుకు పోతాయి. రెండోదే ప్రమాదం.

విండోస్‌లో ఇంకొకటి ఉంది. కోలన్, ప్రశ్నార్థకం, వాలుగీత, నక్షత్రం, జంట ఉద్ధరణ చిహ్నం ఫైలు పేరులో ఉండడానికి వీల్లేదు. మా ఇంట్లో “అమ్మ చెప్పిన మాగాయ కొలతలు: పెద్ద జాడీకి ఎంత, చిన్న జాడీకి ఎంత?” అనే నోట్ ఉంది. దీని పొడవు 162 బైట్లే, పొడవు పరంగా ఇబ్బంది లేదు. కానీ అందులోని కోలన్, ప్రశ్నార్థకం వల్ల విండోస్‌లో ఆ పేరు నిలవదు. వాటి చోట పనిముట్టు గీతో ఖాళీయో పెడుతుంది, ఆ నోట్‌కు మరెక్కడినుంచో ఇచ్చిన లింకు అప్పుడు దారి తప్పుతుంది. తరలించే ముందు పొడవైన శీర్షికలనూ ఇలాంటి గుర్తులున్న శీర్షికలనూ పొట్టిగా దిద్దుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

వెతుకులాట విషయంలోనూ జాగ్రత్త అవసరం. “సాఫ్ట్‌వేర్” అని రాసేటప్పుడు ‘ట్’ తర్వాత కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు ఉంటుంది. కొన్ని కీబోర్డులు దాన్ని వేస్తాయి, కొన్ని వేయవు. ఒక రూపంతో రాసిన మాటను మరో రూపంతో వెతికితే కొన్ని యాప్‌లకు దొరకదు. మన భాషలో విభక్తులు మాటకు అంటుకునే వస్తాయి కాబట్టి “పొలం” అని వెతికితే “పొలానికి” అన్న నోట్ రాదు, “పొల” అని వెతికినప్పుడు రెండూ రావాలి. మాటలో ఒక ముక్క ఇస్తే వెతకగలదా, మొత్తం మాట ఇస్తేనే వెతుకుతుందా అన్నది యాప్‌ను బట్టి మారుతుంది. కొత్త యాప్‌లో ముందు పరీక్షించాల్సింది ఇదే. పాత పేజ్‌మేకర్ రోజుల నాటి అను ఫాంట్లలో టైపు చేసి అతికించుకున్న రాతలుంటే, అవి యూనికోడ్ తెలుగు కావు. ఫాంటు తొడుగు తీసేసిన మరుక్షణం అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలుగా మిగులుతాయి. మార్క్‌డౌన్‌లోకి తెచ్చేముందే వాటిని యూనికోడ్‌కు మార్చుకోవాలి.

నోషన్, వన్‌నోట్, ఆపిల్ నోట్స్, కీప్

నోషన్ పట్టికలకూ, పదిమంది కలిసి చేసే పనులకూ బాగా సరిపోతుంది. పెళ్లి పనుల జాబితా ఇంటిల్లిపాదీ చూసి దిద్దాలంటే దాన్ని మించినది లేదనే చెబుతాను. ఎవర్‌నోట్ నుంచి ఇంపోర్ట్ ఉంది. ఉచిత ఖాతాలో ఒక్కో ఫైలు 5 ఎంబీకి మించకూడదు కాబట్టి, స్కాన్ చేసిన దస్తావేజులు, రికార్డు చేసిన మాటలు దాచుకున్నవారికి అది చాలదు. ఇంటర్నెట్ లేకుండా పనిచేసే సౌకర్యం 2025 ఆగస్టులో గానీ రాలేదు. ఉచిత ఖాతాలో ఏయే పేజీలు కావాలో మనమే ముందు ఎంచుకుని దింపి పెట్టుకోవాలి. బయటికి వచ్చేటప్పుడు మార్క్‌డౌన్, పట్టికలకు సీఎస్‌వీ (సాదా టెక్స్ట్‌లో ఉండే పట్టిక ఫైలు) ఇస్తుంది గానీ ప్రతి ఫైలు పేరు చివరా ఒక పొడవాటి గుర్తింపు సంఖ్య తగిలిస్తుంది. పైన చెప్పిన 255 బైట్ల లెక్కలో ఇదీ చేరుతుంది. పాతికేళ్లు నిలవాల్సిన కుటుంబ నోట్స్‌ను అందులో పెట్టమని నేను చెప్పను.

స్టైలస్‌తో చేత్తో రాసేవారికి, లెక్కలు బొమ్మలు గీసుకునే విద్యార్థులకు వన్‌నోట్ మంచిది. కాగితం మీద రాసినట్టు ఎక్కడైనా రాయవచ్చు, దానికి డబ్బు కట్టనక్కర్లేదు. అయితే ఎవర్‌నోట్ నుంచి తెచ్చిపెట్టేందుకు మైక్రోసాఫ్ట్ 2016లో ఇచ్చిన పనిముట్టును 2022లో ఆపేశారు. ఇప్పుడు తిన్నని దారి లేదు. బయటికి రావడమూ అంతే: విండోస్ యాప్ నుంచి పీడీఎఫ్, వర్డ్ రూపాల్లో వస్తుంది, మార్క్‌డౌన్ రాదు.

ఇంట్లో అన్నీ ఆపిల్ పరికరాలే ఉన్నవారు ఆపిల్ నోట్స్‌ను తప్పకుండా ఆలోచించాలి. 2016 నుంచీ ఈనెక్స్‌ను నేరుగా తీసుకుంటోంది. ఒకప్పుడు అందులోంచి బయటికి రావడం కష్టంగా ఉండేది, ఆ కారణంతోనే నేను వద్దనేవాణ్ని. 2025లో వచ్చిన ఐఓఎస్ 26, మ్యాక్‌ఓఎస్ 26 నుంచి నోట్‌ను మార్క్‌డౌన్‌గా ఎక్స్‌పోర్ట్ చేసుకునే వీలు కలిగింది కాబట్టి నా మాట మార్చుకున్నాను. ఆండ్రాయిడ్ ఫోన్ ఒక్కటి ఉన్నా ఈ ఎంపిక పక్కన పెట్టాల్సిందే.

గూగుల్ కీప్‌ను సరుకుల చీటీకి వాడుకోండి. ఒక్కో నోట్‌కు సుమారు 20,000 అక్షరాల హద్దు ఉంది, పాత నోట్స్‌ను మూకుమ్మడిగా లోపలికి తెచ్చుకునే దారి లేదు. అందులో ఇప్పటికే ఉన్నవాటిని గూగుల్ టేకౌట్ (గూగుల్ ఖాతాలోని మన సమాచారాన్ని దింపుకునే సేవ) ద్వారా దింపుకోవచ్చు, దాన్ని అబ్సిడియన్ ఇంపోర్టర్ తీసుకుంటుంది.

ఎక్కడికీ వెళ్లకపోవడం కూడా ఒక ఎంపికే. చందా భారం కానివారు, ఫొటోల్లోని అక్షరాల వెతుకులాట మీద రోజూ ఆధారపడేవారు, ఆ డబ్బు కట్టి ఎవర్‌నోట్‌లోనే ఉండవచ్చు. కానీ ఏడాదికి రెండుసార్లు ఈనెక్స్ ఫైళ్లు దింపి దాచుకోవాలి.

పది నోట్స్‌తో పరీక్ష

ఏది ఎంచుకున్నా మొత్తం ఒకేసారి తరలించవద్దు. ఇబ్బంది పెట్టే నోట్స్‌ను ఏరి, వాటిని “పరీక్ష” అనే నోట్‌బుక్‌లో చేర్చి ముందుగా అదొక్కటే తరలించండి. నేను ఎంచుకునేవి ఇలా ఉంటాయి: అతి పాతది ఒకటి, అతి పొడవైన తెలుగు శీర్షిక ఉన్నది ఒకటి, పట్టిక ఉన్నది, టిక్ పెట్టుకునే జాబితా, రెండు మూడు ఫొటోలున్నది, పెద్ద పీడీఎఫ్ ఉన్నది, రికార్డు చేసిన మాట ఉన్నది, మరో నోట్‌కు లింకు ఉన్నది, ఆ లింకు చేరాల్సిన నోట్, తెలుగూ ఇంగ్లిషూ కలిసినది. కొత్త యాప్‌లో వీటిని కంప్యూటర్‌లోనూ ఫోన్‌లోనూ తెరిచి చూడాలి. తేదీ సరిగా ఉందా, ఫొటో వాక్యాల మధ్య తన చోటనే ఉందా, “పొల” అని వెతికితే “పొలానికి” దొరుకుతోందా అన్నవి చూసుకున్నాక, అదే పది నోట్స్‌ను ఆ యాప్ నుంచి బయటికి ఎక్స్‌పోర్ట్ చేసి సాదా ఎడిటర్‌లో తెరవండి. ఈ చివరి మెట్టును చాలామంది వదిలేస్తారు. యాప్ ఎంత బాగున్నా, అక్కడ తెలుగు చెదిరితే మరొకటి చూసుకోవడమే నయం.

అసలు తరలింపు రోజున నోట్స్‌ను సర్దే పని పెట్టుకోవద్దు. పనికిరానివి ముందు తీసేయవచ్చు, కానీ కొత్త ఫోల్డర్లు, కొత్త ట్యాగుల ఆలోచన తరలింపు పూర్తయి నెల గడిచాకే మంచిది. రెండు పనులూ కలిసిపోతే ఏదైనా తప్పిపోయినప్పుడు అది యాప్ పొరపాటా, మన పొరపాటా అన్నది తేలదు. ఒక్కో నోట్‌బుక్‌లో పాత లెక్క ఎంతో, కొత్త లెక్క ఎంతో కాగితం మీద రాసుకోండి. నా చివరి తరలింపులో “ఊరి కబుర్లు” నోట్‌బుక్‌లో 214కు 211 వచ్చాయి. తప్పిపోయిన మూడింటికీ శీర్షికలు మరీ పొడవు. వాటిని పొట్టిగా చేసి మళ్లీ తీసుకుంటే వచ్చేశాయి. లెక్క చూసుకోకపోతే ఆ మూడు నోట్స్, వాటిలో ఒకటి మా తాతయ్య చెప్పిన చెరువుకట్ట సంగతులు, ఎన్నటికీ గుర్తుకు వచ్చేవి కావు.

లెక్కలు సరిపోయాక కూడా పాత ఖాతాను కనీసం మూడు నెలలు అలాగే ఉంచండి. ఏడాదికోసారి చూసే నోట్స్ కొన్ని ఉంటాయి, ఇంటి పన్ను రసీదుల్లాంటివి, అవి సరిగా వచ్చాయా లేదా అన్నది అవసరం పడినప్పుడే తెలుస్తుంది. ఈనెక్స్ ఫైళ్లను మాత్రం ఖాతా మూసేశాక కూడా రెండు చోట్ల, ఒకటి ఇంట్లో పెన్‌డ్రైవ్‌లో, మరొకటి క్లౌడ్‌లో, తరలించిన తేదీ రాసి ఉంచుకోండి.